ఫొటోలో ఆ మెరుపు ఎక్కడిది? ఫోన్ కెమెరా నుంచి కన్‌ఫోకల్ మైక్రోస్కోప్ వరకు స్ట్రే లైట్‌ను పట్టుకునే పద్ధతి

కెమెరా రివ్యూలు రెగ్యులర్‌గా చదివేవాళ్లకు ఈ సమస్య కొత్త కాదు. రాత్రిపూట వీధి దీపాన్ని ఫొటో తీస్తే, ఫ్రేమ్‌లో ఇంకో మూల ఒక చిన్న పచ్చ చుక్క వస్తుంది. నిజంగా చూస్తే అక్కడ ఏ లైటూ ఉండదు. దీన్నే స్ట్రే లైట్ అంటారు. తెలుగులో దారి తప్పిన వెలుగు అనుకోవచ్చు. రావాల్సిన దారిలో కాకుండా ఏదో అద్దానికి తగిలి, వెనక్కి తిరిగి, సెన్సర్ మీద పడిన వెలుగు ఇది.

మన ఫోన్‌లో అయితే ఫొటో కొంచెం పాడవుతుంది, అంతే. అదే సమస్య కోటి రూపాయలకు పైగా ఖరీదు చేసే లేజర్ మైక్రోస్కోప్‌లో వస్తే ఒక మనిషి ఆరు నెలల పని చెత్తబుట్టలోకి పోవచ్చు. ఇటీవల మా ఇంట్లోనే దాదాపు అలా జరగబోయింది. ఆ సమస్యను ఎలా పట్టుకున్నామో ఈ ఆర్టికల్‌లో స్టెప్ బై స్టెప్ చెప్తాను. చివర్లో మీ ఫోన్‌కు ఇదే పద్ధతి ఎలా వాడాలో కూడా ఉంది.

అక్క నుంచి ఫోన్

మాది తాండూరు. నేను సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌ని, ఎక్కువ రోజులు ఇంటి నుంచే పని. మా పెద్దనాన్న కూతురు హైదరాబాద్‌లో ఒక ల్యాబ్‌లో పీహెచ్‌డీ చేస్తోంది. ఒక శుక్రవారం రాత్రి వాట్సాప్‌లో నాలుగు ఫొటోలు పంపి ఫోన్ చేసింది.

"తమ్మీ, నీకు పైథాన్ వచ్చు కదా. నడుమల ఒక చుక్క వస్తుంది చూడు, దాన్ని జర తీసెయ్‌రా. వచ్చే వారం మీటింగ్ ఉంది."

నల్లటి బ్యాక్‌గ్రౌండ్ మీద ఆకుపచ్చగా మెరిసే కణాలు. సరిగ్గా మధ్యలో గుండ్రటి తెల్లటి చుక్క, దాని చుట్టూ సన్నటి వలయాలు. దానికి తోడు ఫొటో మొత్తం మీద పలచటి అడ్డ గీతలు.

అసలు కష్టం చుక్క కాదు. రంగు పట్టించని కణాలను కూడా ఆమె ఫొటో తీస్తుంది, పోల్చి చూడటానికి. దాన్నే కంట్రోల్ అంటారు. అందులో వెలుగు దాదాపు సున్నా రావాలి. కానీ ఆ కంట్రోల్ ఫొటోల సగటు వెలుగు కూడా రంగు వేసిన వాటికి దగ్గరగా వస్తోంది. అంటే ఆమె వాడే రంగే పనికిరాదని, ఆరు నెలల ఫొటోలన్నీ మళ్లీ తీయాలని ల్యాబ్‌లో మాట మొదలైంది.

కన్‌ఫోకల్ మైక్రోస్కోప్ ఎలా పని చేస్తుంది?

మామూలు మైక్రోస్కోప్‌లో శాంపిల్ మొత్తం మీద ఒకేసారి వెలుగు పడుతుంది. మనం చూడాలనుకున్న పొర నుంచే కాకుండా పై పొరల నుంచి, కింది పొరల నుంచి కూడా వెలుగు వచ్చి ఫొటో మసకబారుతుంది.

దీనికి పరిష్కారం మార్విన్ మిన్‌స్కీ కనిపెట్టారు. తర్వాత ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్‌లో పెద్ద పేరు తెచ్చుకున్న మిన్‌స్కీయే ఈయన. మెదడులోని నరాల అల్లికను చూడాలనుకుంటే చెదిరిన వెలుగు అడ్డొచ్చింది. అందుకే ఒకే ఒక్క బిందువు మీద వెలుగు వేసి, ఆ బిందువు నుంచి వచ్చిన వెలుగును మాత్రమే సూదిబెజ్జం లాంటి రంధ్రం గుండా పోనిచ్చే డిజైన్ చేశారు. 1957లో పేటెంట్‌కు అప్లై చేస్తే 1961లో వచ్చింది. అంటే కన్‌ఫోకల్ పుట్టిందే దారి తప్పిన వెలుగును ఆపడానికి.

ఇప్పటి మెషీన్లలో ఆ వెలుగు లేజర్ నుంచి వస్తుంది. సింపుల్‌గా చెప్పాలంటే దారి ఇలా ఉంటుంది:

లేజర్ → బీమ్ స్ప్లిటర్ అద్దం → అటూ ఇటూ తిరిగే స్కానింగ్ అద్దాలు → లెన్స్ → శాంపిల్.

శాంపిల్‌లోని రంగు ఆ లేజర్‌ను పీల్చుకుని కొంచెం వేరే రంగు వెలుగును వదులుతుంది. అది అదే దారిలో వెనక్కి వచ్చి, బీమ్ స్ప్లిటర్ దాటి, సూదిబెజ్జం గుండా డిటెక్టర్‌కు చేరుతుంది. అక్క కేసులో లేజర్ 488 నానోమీటర్లు, నీలం. రంగు వదిలే వెలుగు సుమారు 520 నానోమీటర్ల దగ్గర, ఆకుపచ్చ. డిటెక్టర్ 500 నుంచి 550 వరకు మాత్రమే చూడాలి.

చిన్న లీక్ కూడా ఎందుకంత పెద్ద సమస్య?

గాలిలోంచి గాజులోకి వెలుగు వెళ్తున్నప్పుడు ఒక్కో ఉపరితలం దగ్గర సుమారు 4 శాతం వెనక్కి తిరుగుతుంది. లెన్సుల మీద కోటింగ్ వేసి దీన్ని బాగా తగ్గిస్తారు కానీ సున్నా చేయలేరు. మరోవైపు, శాంపిల్ నుంచి డిటెక్టర్‌కు చేరే ఆకుపచ్చ వెలుగు లోపలికి పంపిన లేజర్ కంటే లక్షల రెట్లు తక్కువ. కాబట్టి తిరిగొచ్చిన లేజర్‌లో లక్షో వంతు డిటెక్టర్‌కు చేరినా అసలు సిగ్నల్‌తో పోటీ పడుతుంది.

అందుకే మంచి ఫిల్టర్లు లేజర్ వెలుగును పది లక్షల్లో ఒక వంతుకు తగ్గిస్తాయి. కానీ ఆ లెక్క ఫిల్టర్ మీద వెలుగు నిటారుగా పడినప్పుడే. ఏటవాలుగా పడితే ఫిల్టర్ ఆపాల్సిన రంగుల హద్దు జరిగిపోతుంది. చెదిరిన వెలుగు ఏ కోణంలోనైనా రావచ్చు కాబట్టి అది దాటిపోయే అవకాశం ఎక్కువ.

నేను చేసిన మొదటి తప్పు

నిజం ఒప్పుకోవాలి. అక్క అడిగిందే మొదట చేశాను. కంట్రోల్ ఫొటోను మిగతా ఫొటోల్లోంచి పిక్సెల్ పిక్సెల్ తీసేసే చిన్న స్క్రిప్ట్ రాశాను. పదిహేను నిమిషాల పని. చుక్క పోయింది, ఫొటో నీట్‌గా వచ్చింది. అక్క కూడా సంతోషపడింది.

పడుకునే ముందు ఎందుకో అనుమానం వచ్చి పాత ఫొటో, కొత్త ఫొటో పక్కపక్కన పెట్టి చూశాను. ఒక ఫొటోలో మధ్యలో ఉండాల్సిన కణం సగం మాయమైంది. కారణం సింపుల్. ఆ డిటెక్టర్ 12 బిట్‌ది, గరిష్ఠ విలువ 4095. చుక్క ఉన్నచోట రెండు ఫొటోల్లోనూ 4095 నిండిపోయింది. 4095లోంచి 4095 తీసేస్తే సున్నా. అక్కడ కణం ఉందో లేదో ఇక ఏ స్క్రిప్టూ చెప్పలేదు.

మన ఫోన్లలో ఏఐ పచ్చ చుక్కలను తుడిచేస్తుంది, పెళ్లి ఫొటోకు అది చాలు. కానీ కణాలు లెక్కపెట్టే ఫొటోలో తుడిచేస్తే లెక్కే తప్పవుతుంది. పైగా ఎవరికీ చెప్పకుండా చేస్తే అది డేటా మార్చడం కిందికే వస్తుంది. పొద్దున్నే ఫోన్ చేశాను.

"అక్కా, రాత్రి పంపినవి వాడకు. చుక్క ఎక్కడి నుంచి వస్తుందో ముందు చూద్దాం. ఒరిజినల్ ఫైళ్లు పంపు, వాట్సాప్‌ల పంపితే ఏం తెల్వదు."

మరకా, మెరుపా?

ఇక్కడ మా ఊరి బండలు పనికొచ్చాయి. తాండూరు అంటే నాపరాళ్లే కదా. మా నాన్న బండల పాలిష్ యూనిట్‌లో పని చేస్తాడు. పాలిష్ అయిన బండలో మరక ఉందా లేదా చూడాలంటే ఆయన ఒక్కచోట నిలబడి చూడడు, పక్కకు రెండడుగులు వేస్తాడు. మరక అయితే బండతోనే ఉంటుంది. ట్యూబ్‌లైట్ మెరుపు అయితే మనిషితో పాటు జరుగుతుంది.

స్ట్రే లైట్ వెతకడం కూడా అచ్చం ఇదే. ఒక్క విషయం మాత్రమే మార్చాలి, ఆ మెరుపు దేన్ని పట్టుకుని కదులుతుందో చూడాలి. కోడ్‌లో బగ్ వెతికినట్టే. రెండు విషయాలు ఒకేసారి మారిస్తే ఏం తెలియదు.

వీడియో కాల్‌లో చేసిన టెస్టులు

శనివారం అక్క మెషీన్ ముందు, నేను ఇంట్లో. డిటెక్టర్ గెయిన్ అన్ని టెస్టుల్లోనూ ఒకటే ఉంచాం. ఇది ముఖ్యం.

టెస్ట్ 1: లేజర్ ఆఫ్, డిటెక్టర్ ఆన్. చుక్క పోయింది. అడ్డ గీతలు మాత్రం అలాగే ఉన్నాయి. అంటే ఇవి రెండు వేర్వేరు సమస్యలు. చుక్క లేజర్‌ది, గీతలు బయటి వెలుగువి.

టెస్ట్ 2: లేజర్ ఆన్, శాంపిల్ లేదు. చుక్క తిరిగి వచ్చింది, అదే చోట. అసలు శాంపిలే లేదు కాబట్టి రంగుది తప్పు కాదు. ఈ ఒక్క ఫొటోతో సగం భయం పోయింది.

టెస్ట్ 3: శాంపిల్ పెట్టి పక్కకు జరపడం. కణాలు జరిగాయి, చుక్క జరగలేదు. మరక కాదు, మెరుపే.

టెస్ట్ 4: ఫోకస్ పైకి కిందికి. శాంపిల్ మీది పలచటి గాజు నుంచి మెరుపు వస్తుంటే, ఫోకస్ సరిగ్గా ఆ గాజు మీదికి వచ్చినప్పుడు పెరిగి తర్వాత తగ్గాలి. చుక్కలో మార్పు లేదు. అంటే మెరుపు మైక్రోస్కోప్ లోపలి అద్దాల నుంచే. సరిగ్గా మధ్యలో రావడానికీ ఇదే కారణం. స్కాన్ మధ్యలో ఉన్నప్పుడు లేజర్ లెన్సులకు నిటారుగా తగిలి, వచ్చిన దారినే తిరిగి వెళ్తుంది.

టెస్ట్ 5: ఒకే చోట రెండు నిమిషాలు స్కాన్. కణాల రంగు మెల్లగా వెలిసింది. చుక్క వెలవలేదు. రంగు లేజర్ దెబ్బకు అరుగుతుంది, అద్దం మెరుపు అరగదు.

టెస్ట్ 6: డిటెక్టర్ చూసే రంగుల హద్దు మార్చడం. ఇక్కడే దొరికింది. సెట్టింగ్ తెరిచి చూస్తే హద్దు 500 దగ్గర కాదు, 490 దగ్గర మొదలవుతోంది. లేజర్ 488. అంటే దొంగకు పక్కనే తలుపు తీసిపెట్టినట్టు. 500కు జరపగానే చుక్క బాగా తగ్గింది, కణాలు మాత్రం దాదాపు అంతే ఉన్నాయి. కానీ చుక్క పూర్తిగా పోలేదు.

అప్పుడు అక్క మామూలుగా ఒక మాట అంది: "ఈ మధ్య సిగ్నల్ తక్కువొస్తుందని లేజర్ పవర్ పెంచిన."

సిగ్నల్ ఎందుకు తగ్గింది? బీమ్ స్ప్లిటర్ ఏది పెట్టి ఉందో చూడమన్నాను. 488 కోసం తయారుచేసిన డైక్రోయిక్ అద్దం ఉండాల్సిన చోట 80/20 అద్దం ఉంది. డైక్రోయిక్ అద్దం లేజర్‌ను దాదాపు మొత్తం శాంపిల్ వైపు పంపి, తిరిగొచ్చే లేజర్‌ను డిటెక్టర్ వైపు పోనివ్వదు. 80/20 అద్దానికి రంగుల తేడా తెలియదు. లేజర్‌లో 20 శాతమే శాంపిల్‌కు పంపుతుంది, తిరిగొచ్చిన వెలుగు ఏదైనా 80 శాతం డిటెక్టర్ వైపు వదిలేస్తుంది. మెరుపునే ఫొటో తీయాలనుకునేవాళ్లకు అది కావాలి. అక్కకు అది వద్దు.

ఇప్పుడు కథ మొత్తం కలిసింది. ఎవరో మెరుపు ఫొటోలు తీసుకుని, అందరూ వాడే సెట్టింగ్ మీదే సేవ్ చేశారు. శాంపిల్‌కు లేజర్ తగ్గింది, సిగ్నల్ తగ్గింది, అక్క పవర్ పెంచింది, దాంతో మెరుపు ఇంకా పెరిగింది. అద్దం మార్చి, పవర్ పాత స్థాయికి తెచ్చాక చుక్క లేదు.

గీతల లెక్క

గీతలు మిగిలాయి. కన్‌ఫోకల్ ఫొటో ఒకేసారి రాదు, పిక్సెల్ తర్వాత పిక్సెల్, లైన్ తర్వాత లైన్ వస్తుంది. కాబట్టి బయటి లైట్ మిణుకుమంటే అది గీతలుగా కనిపిస్తుంది. ఆ ఫొటోలో 512 లైన్లు, తీయడానికి సుమారు 1 సెకను. అంటే ఒక్కో లైన్‌కు సుమారు 2 మిల్లీసెకన్లు. గీతలు ప్రతి 5 లైన్లకు ఒకసారి వస్తున్నాయి. అంటే 10 మిల్లీసెకన్లకు ఒకసారి, సెకనుకు 100 సార్లు.

మన కరెంటు 50 హెర్ట్జ్. ఒక్కో సైకిల్‌లో లైట్ రెండుసార్లు వెలుగుతుంది కాబట్టి 100. సో, కరెంటుతో నడిచే ఏదో లైటే దొంగ. గదిలో పెద్ద లైట్లు ఆపే ఉన్నాయి. మిగిలినవి కంప్యూటర్ స్క్రీన్, నోట్స్ రాసుకునే టేబుల్ ల్యాంప్. అక్కను ఫోన్‌లో 240 ఫ్రేమ్‌ల స్లో మోషన్ పెట్టి రెండింటినీ తీయమన్నాను. ల్యాంప్ మిణుకుమిణుకుమంటూ దొరికిపోయింది. ఆపగానే గీతలు పోయాయి. వీడియో కాల్ నడుస్తున్న ఫోన్‌ను కూడా స్క్రీన్ కింది వైపు ఉండేలా బోర్లించమన్నాను, అదీ వెలుగే కదా.

ఏ ఫొటోలు పాడయ్యాయి?

ఒరిజినల్ ఫైళ్లు అడిగింది ఇందుకే. మైక్రోస్కోప్ సాఫ్ట్‌వేర్ ప్రతి ఫైల్‌లోనూ ఏ అద్దం, ఎంత లేజర్, ఏ రంగుల హద్దు అన్నీ రాసి పెడుతుంది. మన ఫోన్ ఫొటోలో టైమ్, షటర్ స్పీడ్ ఉన్నట్టే. వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపితే ఆ సమాచారం పోతుంది.

అన్ని ఫైళ్ల నుంచి అద్దం పేరు, తేదీ తీసి లిస్ట్ చేసే స్క్రిప్ట్ రాశాను. ఈసారి పిక్సెల్స్ ముట్టుకోలేదు. చివరి మూడు వారాల ఫొటోల్లోనే 80/20 అద్దం ఉంది, అంతకు ముందువన్నీ మంచివే. ఆరు నెలల పని కాదు, మూడు వారాల పని మళ్లీ చేయాలి. అక్క మీటింగ్‌లో ఆ లిస్ట్, ఖాళీ ఫొటోలు రెండూ చూపించింది. రంగు మార్చాలన్న మాట ఆగిపోయింది. మూడు వారాల ఫొటోలు మళ్లీ తీస్తోంది.

మీ ఫోన్‌లో ఇదే పద్ధతి

పచ్చ చుక్క: లైట్‌ను ఫ్రేమ్‌లో పెట్టి ఫోన్‌ను మెల్లగా కదపండి. చుక్క లైట్‌కు ఎదురు దిక్కులో, ఫ్రేమ్ మధ్య బిందువుకు అవతలి వైపు కదిలితే అది లోపలి అద్దాల మెరుపు. సర్వీస్ సెంటర్‌కు వెళ్లినా పోదు. లైట్‌ను ఫ్రేమ్ బయటికి జరపడమే మార్గం.

మసక, పొడవాటి చారలు: ముందు లెన్స్ తుడవండి. తగ్గకపోతే కెమెరా మీద అతికించిన గాజు ప్రొటెక్టర్ తీసి అదే ఫొటో మళ్లీ తీయండి. తేడా కనిపిస్తే దొంగ అదే. అదనపు గాజు అంటే అదనంగా రెండు ఉపరితలాలు.

లేజర్ ఆటోఫోకస్ తప్పడం: 2014లో ఎల్‌జీ జీ3తో ఫోన్లలోకి వచ్చిన ఫీచర్ ఇది. కంటికి కనిపించని చిన్న లేజర్ వెళ్లి తిరిగొచ్చే సమయంతో దూరం కొలుస్తుంది. ఆ లేజర్ పైనున్న గాజుకే తగిలి సెన్సర్‌లో పడితే దూరం తప్పుగా వస్తుంది. హాబీ ప్రాజెక్టుల్లో వాడే వీఎల్53ఎల్0ఎక్స్ సెన్సర్‌లో దీనికోసమే ప్రత్యేక క్యాలిబ్రేషన్ ఉంది. ఇక్కడ కూడా ప్రొటెక్టర్ తీసి చెక్ చేయండి.

కాల్‌లో స్క్రీన్ నల్లగా ఉండిపోవడం: టెంపర్డ్ గ్లాస్ వేయించాక ఇది మొదలైతే, చాలాసార్లు కారణం ప్రాక్సిమిటీ సెన్సర్ వెలుగు గ్లాస్‌కు తగిలి వెనక్కి రావడమే. చెవి దగ్గరుందని ఫోన్ అనుకుంటుంది. డిస్‌ప్లే పోయిందని డబ్బులు కట్టే ముందు గ్లాస్ తీసి ఒక కాల్ చేయండి.

జాగ్రత్తలు

ల్యాబ్‌లో ఉన్నవాళ్లకు ఒక మాట. కన్‌ఫోకల్ లేజర్లు కళ్లను శాశ్వతంగా పాడుచేయగలవు. శాంపిల్ తీసి టెస్ట్ చేసేటప్పుడు లెన్స్ వైపు వంగి చూడకండి, కవర్ మూసే ఉంచండి. లోపలి మూతలు విప్పకండి, సేఫ్టీ స్విచ్‌లను తప్పించకండి, అది సర్వీస్ ఇంజినీర్ పని. లేజర్ కనిపిస్తుందేమో అని ఫోన్ కెమెరా పెట్టకండి, సెన్సర్ కాలిపోవచ్చు. మేం చేసిన ఆరు టెస్టుల్లో ఒక్కదానికీ మెషీన్ విప్పాల్సిన అవసరం రాలేదు.

చివరగా

అక్క ఇప్పుడు రెండు పనులు చేస్తోంది. తన సెట్టింగ్‌ను తన పేరుతో విడిగా సేవ్ చేసుకుంది. రోజూ పని మొదలుపెట్టే ముందు రెండు ఖాళీ ఫొటోలు తీస్తోంది: లేజర్ ఆపి ఒకటి, శాంపిల్ లేకుండా ఒకటి. రెండు నిమిషాలు కూడా పట్టదు. ఖాళీ ఫొటోలో ఏదైనా కనిపిస్తే, ఆ రోజు మిగతా ఏ ఫొటోనూ నమ్మకుండా ముందు కారణం వెతుకుతుంది.

మీరు కెమెరా ఫోన్ కొన్నా, సెన్సర్ బోర్డు కొన్నా ఇదే అలవాటు చేసుకోండి. ముందు ఏమీ లేనప్పుడు అది ఏం చూపిస్తుందో చూడండి, తర్వాతే ఉన్నదాన్ని కొలవండి.